ఫుట్‌పాత్ అంచు దగ్గర మేమిద్దరం

నేను వీల్‌చైర్‌లోకి వచ్చేనాటికి మేము సీతాఫల్‌మండిలోని ఆ అపార్ట్‌మెంట్‌లో చేరి చాలా కాలమైంది. మాది గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. మా ఆయన బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. తెల్లవారకముందే బయల్దేరే మనిషి, పై అంతస్తు నుంచి దిగుతూ అందరి నిద్రా చెడగొట్టకూడదని కింద ఇల్లు తీసుకున్నాం. ఒక వానాకాలం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే స్కూటీ జారి నా వెన్నెముక దెబ్బతింది. నడుము నుంచి కిందికి స్పర్శ పోయింది. ఆస్పత్రిలోనూ, ఆ తర్వాత ఫిజియోథెరపీలోనూ గడిచిన నెలల గురించి ఇక్కడ రాయను. ఇంటికొచ్చాక జరిగిందే చెప్పాలని ఉంది.

నాది సికింద్రాబాద్‌లోనే ఒక ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. ఇక ఉద్యోగం వదులుకోవాల్సిందేనని మా అన్నతో సహా అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్ళను తీసేయడానికి వీల్లేదని వికలాంగుల హక్కుల చట్టంలో ఉందట. మా పై అధికారి స్వయంగా ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, నా సెక్షన్‌ను కింది అంతస్తుకు మార్చామని, ఆఫీసు గుమ్మం దగ్గర ర్యాంపు కట్టిస్తున్నామని అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక ఎక్కడో ఎవరో, నన్ను ఎన్నడూ చూడనివాళ్ళు, నాలాంటి మనిషి ఒకతె ఉంటుందని ముందే ఊహించి ఆ వాక్యం రాశారు కదా అనిపించింది.

చిక్కు మా అపార్ట్‌మెంట్ దగ్గరే వచ్చింది. మా వరండాకూ గేటుకూ మధ్య మూడు మెట్లున్నాయి. అంతకుముందు వాటిని నేను మెట్లుగా చూసినట్టు కూడా గుర్తులేదు. నేను ఆఫీసుకు వెళ్ళే వేళకు మా ఆయన మార్కెట్‌లో ఉంటాడు. కుర్చీని ఎత్తి దించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు మా వాచ్‌మన్. రెండోవారు ఇస్త్రీ బండి ఆయనో, పాలప్యాకెట్లు వేసే మనిషో, స్నానానికి వెళ్తూ వెళ్తూ ఆగిపోయిన పక్కింటాయనో. ఎవరూ ఒక్కనాడు కాదనలేదు, విసుక్కోలేదు. అయినా ఆ మెట్ల పైన, ఎవరైనా వస్తారా అని చూస్తూ కూర్చున్నప్పుడు, వచ్చినవాళ్ళను చూసి ముందే నవ్వు సిద్ధం చేసుకుంటున్నప్పుడు, లోపల ఏదో నలిగేది. సాయం చేసినవాళ్ళకు కృతజ్ఞత చెప్పడం నాకు ఇష్టమే. కానీ రోజూ పొద్దున ఇల్లు దాటాలంటే చెప్పి తీరాల్సిన కృతజ్ఞత వేరుగా ఉంటుంది.

మా పై అంతస్తులో ఒక అంకుల్, ఆంటీ ఉంటారు. అంకుల్‌కు చిన్నప్పుడే చూపు పోయింది. వాళ్ళది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. రైల్వేలో టెలిఫోన్ ఆపరేటర్‌గా ఉద్యోగం వచ్చి సికింద్రాబాద్ చేరి, ఇక్కడే రిటైరయ్యాడు. ఆదివారం చర్చికి, నెలకోసారి పెన్షన్ బ్యాంకుకు, రోజూ సాయంత్రం టీ కొట్టుకు తెల్ల కర్ర పట్టుకుని ఒంటరిగానే వెళ్ళివస్తాడు. అన్నేళ్ళుగా మా మధ్య నమస్కారాలే తప్ప మాటలు తక్కువ. ఒకరోజు నేను మెట్ల పైన ఎదురుచూస్తుంటే ఆయన దిగివచ్చి, చేత్తో తడుముకుని పై మెట్టు మీద కూర్చున్నాడు.

"నీ కుర్చీ రోజూ ఇక్కడిదాకా వచ్చి ఆగుతుందమ్మా. మళ్ళీ చప్పుడు మొదలవడానికి చాలాసేపు పడుతోంది. పైనుంచి వింటున్నాను" అన్నాడు.

అందరూ సాయం చేస్తున్నారంకుల్ అన్నాను. చేస్తారు, మంచివాళ్ళు, అని ఒప్పుకుని, ఇక్కడ ర్యాంపు కట్టించమని నువ్వు అసోసియేషన్‌ను ఎందుకు అడగలేదని అడిగాడు. అడగడానికి మొహమాటంగా ఉందని చెప్పాను. ఆయన కాసేపు కర్ర కొనను నేలమీద తిప్పుతూ ఉండి, తను ఉద్యోగంలో చేరినప్పుడు ఏ చట్టమూ ఇంత స్పష్టంగా లేదని, ప్రతిదానికీ ఎవరి దయ కోసమో చూడాల్సి వచ్చేదని చెప్పాడు. ఇప్పుడు చట్టం ఉండి కూడా నువ్వు మొహమాటపడితే అది కాగితం మీదే ఉంటుందన్నాడు. ఆ మాటలో కోపం లేదు. మా నాన్న పరీక్షల ముందు నాతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

ఆ నెల మీటింగ్‌లో అడిగాను. రెండు బండ్లు పెట్టుకునే చోటు పోతుందని కొందరన్నారు. వాచ్‌మన్‌తో కలిసి నన్ను ఎక్కువసార్లు ఎత్తిన పక్కింటాయన నిజంగానే నొచ్చుకున్నాడు. "మేమంత ఉన్నం గద మేడం, ఎత్తుతున్నం గద. మీకేమన్న తక్లీఫ్ అయితుందా?" అన్నాడు. జవాబు అంకుల్ చెప్పాడు.

"ఆవిడకి మీ ప్రేమ మీద అనుమానం లేదండీ. మీరంతా ఊరెళ్ళిన రోజున ఆవిడ ఆఫీసుకి ఎలా వెళ్ళాలనే అడుగుతోంది."

పక్కింటాయన తల ఊపి, తన బండి వెనక సందులో పెట్టుకుంటానని చెప్పాడు. ఆయన ఒప్పుకున్నాక మిగతావాళ్ళకు అనడానికేమీ మిగల్లేదు.

మేస్త్రీ వచ్చి, చోటు కలిసొస్తుందని మెట్ల మీదే నిటారుగా సిమెంటు పోసేశాడు. చూడ్డానికి ర్యాంపే. మొదటి ఆదివారం మా ఆయన వెనక పట్టుకుని దించబోతే కుర్చీ ఆయన్ను కూడా లాక్కుంటూ కిందికి పరుగెత్తింది. ఆయన మోకాళ్ళు గీరుకుపోయాయి, నేను గేటుకు తగిలి ఆగాను. ఆ సాయంత్రం అంకుల్ తన ఫోన్‌తో కిందికొచ్చాడు. ఆయన ఫోన్ తెరమీద ఉన్నదాన్నంతా పైకి చదివి వినిపిస్తుంది, అదీ మనకు ఒక్క ముక్క అర్థంకానంత వేగంగా. ఆయనకు మాత్రం అర్థమవుతుంది. ర్యాంపు ఎంత వాలుగా ఉండాలో ప్రభుత్వ ప్రమాణాల్లో ఉందని, ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు కావాలని విని చెప్పాడు. మా మూడు మెట్లకు అంత పొడవు నేరుగా దొరకదు. మేస్త్రీ మళ్ళీ వచ్చి, సగం దూరం పోయాక మలుపు తిప్పి, పక్కన పట్టుకోవడానికి ఇనుప రాడ్ పెట్టి కట్టాడు. రెండోసారి కూలి తీసుకోనన్నాడు, మా ఆయన బలవంతంగా చేతిలో పెట్టాడు.

ఆ ర్యాంపు మీద నేను ఒక్కదాన్నే గేటు దాటిన పొద్దున వాచ్‌మన్ అలవాటుగా పరుగెత్తుకొచ్చి, కుర్చీ అప్పటికే బయట ఉండటం చూసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత వచ్చిన పండక్కి వాచ్‌మన్‌కూ ఇస్త్రీ ఆయనకూ మిఠాయి డబ్బాలు ఇచ్చినప్పుడు, అన్ని నెలలూ వాళ్ళకు చెప్పిన థాంక్స్ కంటే ఆ రోజు చెప్పిందే నిజంగా నా లోపలినుంచి వచ్చింది. వాళ్ళతో నాకిప్పుడు పని లేదు. అయినా చెప్పాలనిపించి చెప్పాను.

గేటు సమస్య తీరాక రోడ్డు సమస్య కనబడింది. ఆఫీసు ముందు ఆటోలు ఆపనివ్వరు, దిగే చోటు నుంచి కొంచెం దూరం పోవాలి. ఆఫీసు గుమ్మానికి ర్యాంపు ఉంది కానీ ముందున్న ఫుట్‌పాత్ ఎత్తుగా ఉండి, ఎక్కడానికి కట్టిన వాలు ఎక్కడా లేదు. దాని పక్కనే, బస్సులు ఆనుకుని పోయే రోడ్డు మీద, ఆఫీసు కార్ల గేటుదాకా కుర్చీ తోసుకుంటూ పోయేదాన్ని. అదే రోడ్డు మీద అంకుల్ పెన్షన్ బ్యాంకు ఉంది. నెలలో ఒకరోజు ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళడం అలవాటైంది. ఆయన ఫుట్‌పాత్ మీద కర్ర తడుతూ, నేను కింద రోడ్డు మీద, మాట్లాడుకుంటూ పోయేవాళ్ళం.

అలాంటి రోజుల్లోనే వికలాంగులకు అనువుగా ఉండాల్సిన బహిరంగ స్థలాల ప్రమాణాల మీద ప్రభుత్వ శాఖ ఒకటి కొత్త ముసాయిదా తయారుచేసిందని, ప్రజల అభిప్రాయాలు అడుగుతోందని అంకుల్ ఫోన్‌లో విన్నాడు. ముసాయిదా తెలుగులోనూ ఉంది. కానీ దాన్ని ఫోటోలు తీసి పెట్టినట్టు పెట్టారు. ఆయన ఫోన్ దాన్ని చదవలేకపోయింది. చూపులేనివాళ్ళ కోసం రాసిన నియమాలు చూపులేనివాళ్ళకు వినబడలేదు. ఆయన దానికి కోప్పడకుండా, సాయంత్రం పూట నువ్వు చదివి పెడతావా అని నన్ను అడిగాడు. ఆంటీ పైనుంచి టీ పంపేది. నేను చదువుతుంటే ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. కొన్ని చోట్ల ఆపి, మళ్ళీ చదవమనేవాడు.

చదువుతూ పోతుంటే ఒక మాట నన్ను పట్టుకుంది. వాలు ఇంత ఉండాలి, వీలైనంతవరకు. లిఫ్టులో గొంతు వినిపించాలి, వీలైనంతవరకు. పబ్లిక్ టాయిలెట్ తలుపు కుర్చీ పట్టేంత వెడల్పు ఉండాలి, వీలైనంతవరకు. ప్రతి మంచి వాక్యం చివరా అది వచ్చి కూర్చునేది. నేను ఆఫీసులో ఉత్తరాలు రాసే సెక్షన్‌లో పనిచేసే మనిషిని, ఆ మాట ఎందుకు వాడతారో నాకు బాగా తెలుసు. అంకుల్‌తో అంటే ఆయన చాలాసేపు నవ్వాడు.

"నా ఉద్యోగమంతా ఆ మాట కిందే గడిచిందమ్మా. ఎవరికి వీలు, ఎవరికి కాదు, అది చూసేది మాత్రం ఎప్పుడూ అవతలివాళ్ళే" అన్నాడు.

అభిప్రాయాలు చెప్పే సమావేశానికి ఇద్దరం వెళ్ళాం. పెద్ద హాలు, ముందు వరసలో అధికారులు, ఒక పక్క ప్లాన్లు పట్టుకుని ఒక యువ ఇంజినీరమ్మాయి. రకరకాల మనుషులు వచ్చారు. చేతులతో మాట్లాడుకునేవాళ్ళు, వాళ్ళ మాటలు మాకు చెప్పే ఒకాయన, మోకాళ్ళ మీద నడిచే ఒక వ్యాపారి, ఎదిగిన కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ఒక తల్లి. అంతమంది మాలాంటివాళ్ళను ఒకచోట చూడటం నాకదే మొదటిసారి.

నా వంతు వచ్చింది. 'వీలైనంతవరకు' తీసేయమని అడిగాను. చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో, ఫుట్‌పాత్‌లకు అంచులే వద్దని, మలుపులన్నిటి దగ్గరా రోడ్డుతో సమానంగా చేసేయాలని అన్నాను. అప్పుడు నా పక్కనుంచి అంకుల్ చేయెత్తాడు.

"దానికి నేను ఒప్పుకోను. అంచు తీసేస్తే ఫుట్‌పాత్ ఎక్కడ అయిపోయిందో, రోడ్డు ఎక్కడ మొదలైందో నాకు తెలియదు" అన్నాడు.

అన్ని సాయంత్రాలు కలిసి కూర్చుని చదివాం, ఈ మాట నాతో ముందే అని ఉండొచ్చు కదా అనిపించింది. అధికారి ఒకాయన, మీలో మీకే కుదరకపోతే మేమేం రాయాలమ్మా అన్నాడు. కొందరు నవ్వారు. ఇంజినీరమ్మాయి మాత్రం నవ్వలేదు, ఏదో రాసుకుంది. తిరిగి వస్తూ ఆటోలో నేను అటువైపు రోడ్డునే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు శనివారం, నాకు సెలవు. పొద్దున్నే అంకుల్ తలుపు తట్టాడు. ఆ రోడ్డు మీదికి ఒకసారి పోదాం రమ్మన్నాడు. నాకు బిగుసుకుపోవాలనే ఉంది, కానీ ఆయన అప్పటికే చెప్పులేసుకుని నిలబడ్డాడు.

ఆఫీసుకు కొంచెం ఇవతల ఒక బట్టల దుకాణం ఉంది. కార్లు లోపలికి పోవడానికి ఆ దుకాణంవాళ్ళు ఫుట్‌పాత్‌ను చెక్కి రోడ్డుతో సమానం చేసుకున్నారు. నేను కోరుకున్న నున్నటి చోటు సరిగ్గా అలాగే ఉంటుంది. అంకుల్ ఎప్పటిలాగే కర్ర అటూ ఇటూ ఊపుతూ ముందు నడుస్తున్నాడు. నేను ఆ చోట ఎక్కి ఆయన వెనకే వస్తున్నాను. కర్రకు ఏమీ తగల్లేదు. ఆయన దారి కొద్దిగా పక్కకు జరిగింది, ఆ సంగతి ఆయనకు తెలియలేదు. ఇంకా ఫుట్‌పాత్ మీదే ఉన్నాననుకుని రోడ్డు మీదికి నడుచుకుంటూ పోయాడు. వెనకనుంచి బస్సు వస్తోంది. నేను కుర్చీని ఒక్క తోపు తోసి ఆయన చొక్కా దొరకబుచ్చుకుని లాగాను. ఆయన నా ఒళ్ళో పడినంత పనైంది. బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

ఆయన చొక్కా సరిచేసుకుని, మెల్లగా, ఇది మొదటిసారి కాదమ్మా అన్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయన అది విని, నా కుర్చీ వెనక పిడి ఎక్కడుందో తడుముకుని పట్టుకున్నాడు. నన్ను ఫుట్‌పాత్ ఎత్తుగా ఉన్న చోటుకు దారి చెప్పమన్నాడు. అక్కడ కుర్చీని పైకెక్కించాలని చూశాడు. ముందు చక్రాలు అంచుకు గుద్దుకుని ఆగిపోయాయి. వెనక్కి జరిగి మళ్ళీ తోశాడు. మళ్ళీ గుద్దుకున్నాయి. చాలాసార్లు చూశాక ఆపేశాడు.

"ఇంతుందని నాకు తెలియదు" అన్నాడు. "అంత దూరం రోజూ బస్సుల పక్కనే పోతున్నావా?"

"పోతున్న అంకుల్" అన్నాను.

అక్కడే టీ తాగాం. నీకు వాలు కావాలి, నాకు గుర్తు కావాలి, రెండూ ఒకేచోట ఎందుకుండకూడదని ఆయనే మొదలుపెట్టాడు. మెట్రో స్టేషన్ మెట్ల ముందు కాళ్ళకు తగిలే చుక్కల టైల్స్ ఉంటాయి కదా, వాలు ఎక్కడ రోడ్డును కలుస్తుందో అక్కడ అవి అడ్డంగా పరిస్తే నాకు చాలన్నాడు. చుక్కల మీద నా ముందు చక్రాలు గడగడలాడతాయని నేనన్నాను. భరించగలవా అని అడిగాడు. బస్సు పక్కన పోవడం కంటే నయమే కదా అన్నాను.

సోమవారం ఇంజినీరమ్మాయికి ఫోన్ చేసి చెప్పాం. ఆమెకు మా మాట చాలనిపించలేదు, చేసి చూద్దామంది. తమ ఆఫీసు ఆవరణలోనే రెండు మూడు రకాల వాలులు సిమెంటుతో కట్టించి, రకరకాల టైల్స్ పరిపించి మమ్మల్ని పిలిచింది. సమావేశానికి వచ్చినవాళ్ళలో చాలామందిని పిలిచింది. ఎండలో టోపీ పెట్టుకుని ప్రతి ఒక్కరి వెంటా నడిచింది. చుక్కలు మరీ ఎత్తుగా ఉన్న టైల్స్ మీద నా కుర్చీ ఇరుక్కుంది. మరీ పలచనివి అంకుల్ చెప్పుకు తెలియలేదు. మధ్యరకానివి ఇద్దరికీ కుదిరాయి. వాలు వెడల్పు మాత్రమే తగ్గించి, మిగతా అంచును అలాగే ఉంచితే, కర్ర పట్టుకున్నవాళ్ళు అంచు వెంటే రావచ్చని మోకాళ్ళ మీద నడిచే వ్యాపారి సలహా చెప్పాడు. ఎవరూ ఎవరి మీదా గెలవలేదు. ఆ అమ్మాయి మాకు మజ్జిగ ఇప్పించి, ఇన్నాళ్ళూ నేను పుస్తకంలో గీతలే చూశాను మేడం అంది.

నియమాలు బయటికి రావడానికి చాలా కాలం పట్టింది. ఈసారి ఫోన్ చదవగలిగేలా పెట్టారు. అంకుల్ విని, కిందికొచ్చి చెప్పాడు. వాలు, చుక్కల టైల్స్, టాయిలెట్ తలుపు, లిఫ్టు గొంతు — వీటి పక్కనుంచి 'వీలైనంతవరకు' పోయింది, 'తప్పనిసరిగా' వచ్చింది. కొన్నింటి దగ్గర ఆ పాత మాట అలాగే ఉంది. బస్సుల విషయంలో ఇంకా ఉంది. దాని కోసం మళ్ళీ అడగాలి. ఢిల్లీలో పెద్ద కోర్టు కూడా ఈ ప్రమాణాల్లో తప్పనిసరివి వేరుగా చెప్పాల్సిందేనని అందని, మనం ఒంటరిగా లేమని అంకుల్ చెప్పాడు.

మా ఆఫీసు ముందున్న ఫుట్‌పాత్ బాగుచేసేటప్పుడు కొత్త నియమాల ప్రకారమే చేశారు. అన్నిచోట్లా అలా లేదు. మల్కాజ్‌గిరిలో మా అక్కవాళ్ళింటి దారిలో పసుపు టైల్స్ నేరుగా కరెంటు స్తంభంలోకి పోయి ఆగిపోతాయి. మా వాలు మీదే ఎవరో ఒకరు బైకు పెట్టిపోతారు. జెర పక్కకు తీయండని రోజూ చెప్పాల్సే వస్తోంది. అయినా ఇప్పుడు నేను అడిగేది సాయం కాదు, నా దారి. ఆ రెండిటికీ ఎంత తేడా ఉందో నాలాంటివాళ్ళకు తెలుసు.

అంకుల్‌కు కృతజ్ఞత చెప్పాలని ఒకసారి పూలూ పళ్ళూ తీసుకుని పైకి పోబోయి, మా బిల్డింగ్‌లో లిఫ్టు లేదని గుర్తొచ్చి కింద నుంచే ఫోన్ చేశాను. ఆయనా ఆంటీ దిగివచ్చారు. నేను మాటలు కూడబలుక్కుంటుంటే ఆయన అడ్డుపడి, నా చొక్కా పట్టుకుని లాగింది నువ్వేగా అన్నాడు. ఆంటీకి ఆ బస్సు సంగతి అప్పటిదాకా తెలియదు. ఇక పూలూ పళ్ళూ పక్కకు పోయి, ఆ పూటంతా ఆయన ఆమెకు సంజాయిషీ చెప్పుకోవడంతోనే సరిపోయింది.

మొన్నొక ఆదివారం మా ఆయనా నేనూ ఊరికే తిరిగొద్దామని ఆ రోడ్డు మీదికి వెళ్ళాం. ప్రమాదం తర్వాత మేమిద్దరం ఎక్కడికి వెళ్ళినా ఆయన నా వెనకే ఉండేవాడు, కుర్చీ తోస్తూ. ఏదైనా చెప్పాలంటే నేను మెడ తిప్పాలి, ఆయన వంగాలి. ఆ రోజు కొత్త ఫుట్‌పాత్ ఎక్కాక, నేనే పోతా, నువ్వు పక్కకు రా అన్నాను. ఆయన పక్కకొచ్చి నడిచాడు. కొంచెం దూరం పోయాక చెయ్యి మళ్ళీ కుర్చీ మీదికి వచ్చింది, తనే వెనక్కి తీసుకున్నాడు. జేబులో పెట్టుకున్నాడు, తీశాడు.

"చేతులకు పని లేకుంటె ఏందో గిట్ల కొత్తగున్నది" అన్నాడు.

కాల్చిన మొక్కజొన్న పొత్తులమ్మే ఆమె దగ్గర ఆగి రెండు కొన్నాడు. ఉప్పూకారం నాకు ఎక్కువ రాయమన్నాడు. బోయిన్‌పల్లిలో ఆ వారం టమాటా ధర ఎలా పడిపోయిందో చెబుతూ, పొత్తు తింటూ, నా మొహం చూస్తూ నడిచాడు. ఎన్నేళ్ళకో ఆయన నడుస్తూ మాట్లాడుతుంటే నేనూ ఆయన మొహం చూడగలిగాను. చెంప మీద తెల్ల గడ్డం ఎక్కువైంది. ఆ సంగతి ఇంటికి పోయాక చెప్దామనుకుని, ఆగలేక అక్కడే చెప్పాను.